ఘాట్ దిగిన పడవ

పన్నెండు కావడానికి అయిదు నిమిషాలుంది. లాకప్ ఊచలకి అటువైపు డ్రైవర్ ఉంగ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇటువైపు డిటెక్టివ్ అప్పలకొండ నిలబడ్డాడు. కానిస్టేబుల్ మర్యాదకి కుర్చీ వేశాడు గాని, ఆ మనిషి కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చున్నట్టు కిరండూల్ నుంచి కొంటా దాకా ఎవరూ సాక్ష్యం చెప్పలేరు. బీడీలు మానేసిన రోజు నుంచీ చేతిలో లవంగాల డబ్బీ. తెరుస్తాడు, మూస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. చూసేవాళ్ళకే తలనొప్పి.

ఇవాళ ఆ కంగారుకి కారణం కూడా ఉంది. రెండున్నరకి ఉంగని బండెక్కిస్తారు, నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. "ఈలోపు ఏదైనా చేతిలో పెట్టండి, కొండగారూ. ఒకసారి జైలు గేటు దాటితే అతని తరఫున మాట్లాడేవాడు ఉండడు" అని వకీలు ఉమామహేశ్వరి పొద్దున ఫోన్లో చెప్పింది. ఆవిడే ఈ కేసు అప్పగించింది.

జరిగింది చిన్న మాటలో అయిపోతుంది. పొద్దున తొమ్మిదీ నలభైకి ఘాట్ మూడో మలుపులో, పికప్‌ని దాని వెనక కట్టిన ట్రైలరే తోసుకుపోయి కొండకి కొట్టింది. ట్రైలర్ మీద పన్నెండు మంది ఎక్కే షికారు పడవ. జగదల్‌పూర్ దగ్గర చెరువులో తిరిగే ఆ పడవని యజమాని కిషోర్ సేఠ్ గోదావరికి పంపుతున్నాడు. పక్క సీట్లో ఉన్న ఫిట్టర్ సతీష్ అక్కడికక్కడే పోయాడు. ఉంగకి మోచెయ్యి మాత్రం గీసుకుంది. చచ్చినవాడు మంచోడు, బతికినవాడు దోషి. రోడ్డు మీద లెక్క ఎప్పుడూ ఇంతే.

సతీష్ పేరు తలుచుకుని అప్పలకొండ డబ్బీ తెరిచాడు, లవంగం మాత్రం తియ్యలేదు. గని వర్క్‌షాపులో తాను డంపర్ల బ్రేకులు చూసే రోజుల్లో మూడేళ్ళు తన చేతికింద పని నేర్చినవాడు సతీష్. పనితనం అంటే అదీ. ఏడవడానికి రేపు టైముంటుందిలే అనుకుని డబ్బీ మూశాడు.

"మొదట్నించీ సెప్పు ఉంగా. పడవని నీళ్ళలోంచి ఎప్పుడు తీశారు?"

"ఏడున్నరకు సార్. ట్రైలర్‌ను రివర్సుల నీళ్ళలకు దింపినం. పడవ ఎక్కించినం. బయటికొచ్చినం."

"రివర్సుకి పిన్ను పెట్టావా?"

"పెట్టిన. బయటికి రాంగనే తీసిన."

గొడవంతా ఆ పిన్ను దగ్గరే. చెరువు దగ్గర నాలుగు కిలోమీటర్లు తిరిగినంత కాలం ఆ ట్రైలర్‌కి బ్రేకే లేదు, అడిగిన నాథుడూ లేడు. రాష్ట్రం దాటాలంటే మాత్రం సరిహద్దు చెక్‌పోస్టు, అదే నాకాలో, అడుగుతారు. అంత బరువు మోసే ట్రైలర్‌కి సొంత నంబరుండాలి, సొంత ఫిట్‌నెస్ కాగితం ఉండాలి, సొంత బ్రేకుండాలి. అందుకని సతీష్ చేత కొత్తగా తోపుడు బ్రేకు కట్టించారు. ముందు బండి బ్రేకు వేస్తే వెనక ట్రైలర్ తోసుకొస్తుంది కదా, ఆ తోపుడే ట్రైలర్ చక్రాలని బిగిస్తుంది. కాకపోతే వెనక్కి నడిపినప్పుడు కూడా తోపుడే కాబట్టి చక్రాలు బిగుసుకుంటాయి. రివర్సు చేసేటప్పుడు కొక్కెం దగ్గర ఓ ఇనప పిన్ను గుచ్చి బ్రేకుని ఆపాలి, పని కాగానే తీసెయ్యాలి. తియ్యడం మరిస్తే ట్రైలర్‌కి బ్రేకు లేనట్టే. ప్రమాదం తరువాత చూస్తే పిన్ను దాని కన్నంలోనే ఉంది.

"తీసి ఏం చేశావు?"

"తాళాల గుత్తికి తగిలించి జేబుల ఏసుకున్న సార్. పోలీసోళ్ళు జేబులు ఖాళీ చేసిండ్రు. అంతా డబ్బాల పడేసిండ్రు."

ఆ డబ్బా జప్తు సామాన్లు దాచే మాల్‌ఖానాలో ఉంది. మాల్‌ఖానా తాళం ఠాణా రాతకోతలు చూసే మున్షీ దగ్గరుంది. మున్షీ భోజనానికి ఇంటికెళ్ళాడు, రెండింటికి వస్తాడట. అప్పలకొండ పళ్ళు నూరాడు. డబ్బా పక్కగదిలో, తాళం అన్నం ముందు.

"తర్వాత ఎక్కడ ఆగారు?"

"ఘాట్ దిగే కాడ, అమ్మవారి గుడి. తొమ్మిదింపావుకు. కొత్త ట్రైలర్ కదా సార్, సేఠ్ జీపుల వెనకనే వచ్చి ఉన్నడు. నిమ్మకాయలు తొక్కించినం. నన్ను, సతీష్‌ను టెంకాయ కొట్టి రమ్మని మెట్లెక్కిచ్చిండు. సేఠ్ ఎక్కలే. ఇంట్ల మైల ఉంది, గుడి గడప తొక్కొద్దన్నడు."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. కిందికొస్తే సేఠ్ జీపు తిప్పుకొని పోతుండు."

"సరే. నీ తరఫున ఎవరైనా వస్తున్నారా?"

"నా ఆడమనిషి హుంగే. సేఠ్ షెడ్డు కాడ పని చేస్తది. లైసెన్సు కాగితం తెమ్మని చెప్పిన." ఉంగ ఊచలు పట్టుకుని లేచాడు. "సార్, సతీష్ నా దోస్తు. నేను పిన్ను మర్చిపోయి వాణ్ణి చంపిన్నా? నిజం చెప్పుండ్రి. పొద్దటిసంది నాకే అనుమానమొస్తాంది."

జైలుకి పోవడం కంటే ఆ అనుమానమే అతన్ని తినేస్తోందని అప్పలకొండకి అర్థమైంది. బయటికి నడిచి మోటార్‌సైకిల్‌ని తన్నాడు.

*

ఒంటిగంటకి పది నిమిషాల ముందు గుడి దగ్గర బండి ఆపాడు. ముప్పై మెట్లు, పైన అమ్మవారు, కింద కొబ్బరికాయల కొట్టు. ముందు కొట్టు దగ్గరికి పోలేదు. రోడ్డు వారన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

నిమ్మకాయలు ఇంకా అక్కడే ఉన్నాయి. తొక్కించిన నిమ్మకాయని ఎవరూ ముట్టుకోరు, అదొక్కటే అదృష్టం. మొత్తం ఆరు. ముందు నాలుగూ పికప్ చక్రాల కిందవి. రెండు చక్కగా అప్పడంలా ఒకేచోట అణిగి ఉన్నాయి, రెండు కాస్త జరిగాయి. వెనక రెండూ ట్రైలర్ చక్రాలవి. అవి అణగలేదు. తారు మీద జానెడు పొడుగున అరిగి, తొక్కా గింజా కలిసి చారలా సాగిపోయాయి. రెండు చారలూ సమానం. చారల చివర నల్లగా టైరు రాసుకున్న గుర్తు.

అప్పలకొండ ఆ చార పక్కన జాన పెట్టి కొలిచాడు. ఫోటో తీశాడు. ఇంకోటి తీశాడు. పొద్దున్నించి మొదటిసారి అతని కాలు ఆడటం ఆగింది.

"ఏంది కొండన్నా, పచ్చడి పెడతవా?"

తలెత్తకుండానే గొంతు గుర్తుపట్టాడు. భానుప్రకాష్. బీమా సర్వేయరు. కొంటాలో దుకాణాలు, జగదల్‌పూర్‌లో ఇల్లు ఉన్న కుటుంబం, ఇస్త్రీ నలగని చొక్కా. నిరుడు ఓ లారీ కేసులో అతని రిపోర్టు తప్పని అప్పలకొండ నిరూపించాడు. అప్పట్నించీ ఎక్కడ కనబడినా ఉప్పూ నిప్పూ.

"భానుబాబూ, నీ రిపోర్టు అయిపోయిందా?"

"పదకొండింటికే అయిపోయింది. పిన్ను తీయలే, బ్రేకు పడలే, మనిషి పోయిండు. ఠాణా ఇన్‌స్పెక్టర్, టి.ఐ. సాబ్ ముందటనే పంచనామా చేసి పిన్నును కవర్ల పెట్టి సీలేసిన." చేతిలోని బ్యాగు తట్టాడు. "సరిహద్దు దాటేటందుకు చట్టం ఏమడిగిందో అన్నీ ఉన్నయి. నంబరుంది, ఫిట్‌నెస్సుంది, బ్రేకుంది. లేనిది డ్రైవర్‌కు బుద్ధి."

"కాగితం చూసి బ్రేకుందంటావు. నువ్వు చక్రం విప్పి చూశావా?"

"ఫిట్‌నెస్ ఉన్నంక విప్పుడేంది? ఒక రాష్ట్రంల ఇచ్చిన కాగితం దేశమంతా చెల్లుతది. నీకు తెల్వదా?"

"చెల్లుతుంది. కాగితమే చెల్లుతుంది. ఘాట్ మీద కాగితం బండిని ఆపదు." అప్పలకొండ లేచి చెయ్యి చాపాడు. "ఇలా రా. ఈ కాయ చూడు, ఆ కాయ చూడు. దొర్లే చక్రం కింద పడ్డ నిమ్మకాయ ఎలా ఉంటాది?"

"చితుకుతది."

"మరి ఇదెందుకు సాగింది?"

భానుప్రకాష్ చూశాడు. చూసి నవ్వాడు గాని, ఆ నవ్వు సగంలో ఆగింది. మనిషి పొగరుబోతే గాని మొద్దు కాడు.

"చక్రం బిగుసుకుని ఈడ్చుకుపోయింది కాబట్టి," అన్నాడు అప్పలకొండ. "నిమ్మకాయలు తొక్కించి ఉంగ బ్రేకేశాడు. ట్రైలర్ తోసింది, దాని చక్రాలు రెండూ బిగుసుకున్నాయి. అంటే తొమ్మిదింపావుకి ట్రైలర్ బ్రేకు పనిచేస్తంది. పిన్ను కన్నంలో ఉంటే చేస్తాదా?"

"...చెయ్యది."

"తొమ్మిదీ నలభైకి పిన్ను కన్నంలో ఉంది. మధ్యలో ఈ బండి రివర్సు అయిందా? నిమ్మకాయలు తొక్కించిన బండిని వెనక్కి నడిపే డ్రైవర్ ఈ రోడ్డు మీద పుట్టాడా?"

పుట్టలేదు. అది అశుభమని బడికెళ్ళే పిల్లకి కూడా తెలుసు. భానుప్రకాష్ ఒప్పుకోలేక రోడ్డు కేసి చూశాడు.

"నిమ్మకాయ సాక్ష్యం కోర్టుల నడవది, కొండన్నా."

"నడవదు. అందుకే ఇంకో ప్రశ్న అడుగుతాను." అప్పలకొండ కొట్టు దగ్గరికి వెళ్ళాడు. కొట్టులో ఆవిడకి అక్కడి హల్బీ భాష తప్ప రాదు, అతనికి హల్బీ గని భోజనశాలలో వంటపట్టింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "ఆరు కాయలూ కిషోర్ సేఠే కొన్నాడంట. పసుపు రాసి, కుంకం పెట్టి, ఒంగుని చక్రాల కింద తన చేత్తోనే పెట్టాడంట. పెట్టి దండం కూడా పెట్టాడంట."

"పెడితే ఏంది? బండి ఆయనది."

"ఉంగకీ సతీష్‌కీ ఏం చెప్పాడో తెలుసా? ఇంట్లో మైల, గుడెక్కనన్నాడు. వాళ్ళిద్దర్నే పైకి పంపి పది నిమిషాలు ఇక్కడ ఒక్కడూ ఉన్నాడు. నువ్వూ పూజలూ వ్రతాలూ చేసే ఇంట పుట్టినోడివే కదా, భానుబాబూ. మైల ఉన్నోడు గడప తొక్కడు గాని బండికి పసుపు కుంకం పెడతాడేటి?"

భానుప్రకాష్ బ్యాగు కింద పెట్టి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"మైల ఎక్కడిది? నిన్న పొద్దుగాల వాళ్ళింట్ల సత్యనారాయణ వ్రతం. ప్రసాదం మా ఇంటికి కూడా పంపిండ్రు."

అబద్ధం ఆడేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. కిషోర్ సేఠ్‌కి జ్ఞాపకశక్తి ఉంది, ఆచారమే గుర్తులేదు. భయం మీదున్నవాడు గుడి మెట్లు తప్పించుకోడానికి నోటికొచ్చిన సాకు చెప్పాడు. అంతకుముందే చేతులు చేసిన పనికి ఆ సాకు పొసగదని తట్టలేదు.

"ఎందుకు చేస్తడు? సొంత పడవ, సొంత బండి," అన్నాడు భానుప్రకాష్.

"నాకూ తెల్దు. పద, మున్షీ అన్నం తినుంటాడు."

*

రెండూ అయిదు. ఠాణాలో టి.ఐ. సాబ్ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. చెడ్డవాడు కాదు, చట్టం ఎంత చెబితే అంత చేసే మనిషి. బయట బండి సిద్ధంగా ఉంది. "పచ్చీస్ మినిట్ హై ఆప్‌కే పాస్" అన్నాడు గడియారం చూపించి. రెండున్నరకి ఇంకా ఇరవై అయిదు నిమిషాలు.

మున్షీ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. ఫోను, దువ్వెన, తాళాల గుత్తి. గుత్తికి వేలెడు పొడుగు ఇనప పిన్ను.

జప్తు జాబితాలో మున్షీ 'తాళాలు, ఇనప మేకు' అని రాసుకున్నాడు. మేకు అంటే ఏ మేకని పొద్దున్నించి అడిగినవాడు లేడు.

"భానుబాబూ, సీలు తియ్యి."

సర్వేయరు టి.ఐ. వైపు చూశాడు. టి.ఐ. తలూపాడు. కవర్లోంచి రెండో పిన్ను బయటికొచ్చింది. రెండూ ఒకే పొడుగు, ఒకే లావు. అప్పలకొండ వాటిని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి తలలు తిప్పి చూశాడు. ఉంగ జేబులో పిన్ను తల మీద ఉలితో కొట్టిన '1'. ప్రమాదంలో దొరికినదాని తల మీద '2'.

"ఇది సైజు నంబరనుకున్న," అన్నాడు భానుప్రకాష్ మెల్లగా.

"సైజు కాదు. వర్క్‌షాపు అలవాటు. ఏ యంత్రం నుంచి ఏ ముక్క ఊడదీసినా, బల్ల మీద పెట్టే ముందు ఆ యంత్రం నంబరు దాని మీద కొట్టాలి. సతీష్‌కి మొదటి రోజు నేను నేర్పిన పాఠం ఇదే. నేర్చుకోకపోతే నెత్తిమీద మొట్టేవోణ్ణి." పిన్నులు రెండూ పక్కపక్కన బల్ల మీద పెట్టాడు. "ఒకటో నంబరు ట్రైలర్ పిన్ను ఉంగ జేబులో భద్రంగా ఉంది. కన్నంలో దొరికింది వేరే ట్రైలర్‌ది. ఎవడో తెచ్చి గుచ్చాడు."

"వేరే ట్రైలర్ ఎక్కడిది? సేఠ్ నాతోని ఒక్కటే అన్నడు. బీమా ఒక్కదానికే చేసిన."

"రెండున్నయి సార్!" లాకప్‌లోంచి ఉంగ అరిచాడు. "షెడ్డుల ఇంకోటుంది. రెండిటికీ ఒకటే నంబరు ప్లేటు. రెండోదానికి సతీష్ కొక్కెం, పిన్ను బిగించిండు గాని బ్రేకు డ్రమ్ముల లోపట ఏం లేదు. సామాను తెప్పిస్తనని సేఠ్ తెప్పియ్యలే. ఒక్క కాగితం మీద రెండూ దాటిద్దామన్నడు. సతీష్ ఒప్పుకోలే. నాకాల చెప్పేస్తనని మొన్న కొట్లాడిండు."

"పొద్దున్నించి ఈ ముక్క ఎందుకు చెప్పలేదురా?"

"పిన్ను తీసినవా లేదా అనే అడిగిండ్రు సార్. ఇంకేం అడగలే."

టి.ఐ. సాబ్ కలం మూత పెట్టి, ఉంగని తీసుకెళ్ళే కాగితాన్ని పక్కకి తోశాడు. కేసు మారిందని హిందీలో గొణిగి, కిషోర్ షెడ్డుకి మనుషుల్ని పంపమని జగదల్‌పూర్‌కి ఫోను కలపబోయాడు. ఉంగ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "నేను చంపలే," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. అప్పలకొండ ఊచల్లోంచి చెయ్యి పెట్టి అతని భుజం మీద వేశాడు.

అప్పుడు బల్ల మీద ఉంగ ఫోను మోగింది. తెర మీద పేరు: పండు.

"సేఠ్ దగ్గర ఇంకో డ్రైవర్," అన్నాడు ఉంగ.

అప్పలకొండ స్పీకర్ నొక్కాడు. పలికింది ఆడమనిషి గొంతు, వెనక ఇంజను హోరు.

"నేనయ్యా, హుంగేను. పండు ఫోన్ల మాట్లాడుతున్న. వస్తున్న. లైసెన్సు తెస్తున్న. నువ్వు బుగులు పడకు."

"అమ్మా, నేను ఉంగ తరఫు మనిషిని. దేంట్లో వస్తున్నావు?"

"సేఠ్ బండిల సారూ. సేఠే ఎక్కిచ్చిండు. మంచోడు. పొద్దుగాల చీకటి విడవకముందు సేఠ్ రెండో ట్రైలర్ కాడ కూకొని పిన్ను పీకంగ చూసిన నేను. గా ముచ్చట పోలీసోళ్ళకు చెప్తే మా ఆయనను ఇడుస్తరా అని సేఠ్‌నే అడిగిన. పోయి చెప్పు, పండు ఎట్లాగూ రెండో ట్రైలర్ మీద ఇంకో పడవ తోలుకొని అటే పోతుండు, ఎక్కు అన్నడు."

భానుప్రకాష్ చేతిలోని కవరు కింద పడింది. దొంగకే తాళాలిచ్చినట్టు, ఆ అమాయకురాలు తాను చూసింది చూసినట్టు వెళ్ళి చేసినవాడికే చెప్పింది. రెండో ట్రైలర్ లోయలో పడితే ఖాళీ డ్రమ్ములూ మిగలవు, చూసిన కళ్ళూ మిగలవు.

"ఎక్కడున్నారమ్మా ఇప్పుడు?" అప్పలకొండకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"గుడి దాటినం సారూ. మొదటి మలుపు అయింది. బండి మస్తు ఉరుకుతాంది. పండు తొక్కుతుండు గాని ఆగుతలేదు."

"పండూ! ఇనబడుతోందా? రెండో గేరులోకి దింపు! బ్రేకు అదిమి పట్టకు, వదిలి వదిలి తొక్కు. కొండవైపు రాయించు. గోడకి రాయించు, బండి పోతే పోనీ!"

ఉంగ ఊచలు పట్టి గుంజుతూ తన భాషలో ఏదో అరుస్తున్నాడు. టి.ఐ. సాబ్ జీపు కోసం కేకలేస్తూ బయటికి పరిగెత్తాడు. మున్షీ లాకప్ తాళం తీస్తున్నాడు, ఎవరూ తీయమనకుండానే. భానుప్రకాష్ అప్పలకొండ పక్కనే నిలబడి ఫోను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు.

ఫోన్లో గేరు గరగరమంది. పడలేదు. మళ్ళీ గరగరమంది. తలుపు తెరుచుకున్న చప్పుడు, గాలి హోరు ఒక్కసారిగా పెరిగింది.

"పండూ!" అరిచాడు అప్పలకొండ. "గేరు పడిందా?"

గాలి హోరులోంచి హుంగే గొంతు, చాలా నెమ్మదిగా.

"పండు దుంకిండు సారూ. బండి పోతనే ఉంది."